చెరకులో రెల్లు: జానకీ అమ్మాళ్ పరిశోధన, డెల్టా అమ్మాయిల చదువు

గోదావరి లంకల్లో ఎవరూ విత్తకుండా, ఎవరూ నీరు పెట్టకుండా పెరిగేది రెల్లు. వరదలు తగ్గి ఆశ్వయుజం వచ్చేసరికి తెల్లటి వెన్నులతో ఏటిగట్లన్నీ నిండిపోతాయి. లేత గడ్డిని పశువులు మేస్తాయి. ముదిరినదాన్ని పాకల కప్పులకు కోసుకుంటారు. చేలోకి వస్తే మాత్రం కలుపే. పీకినా పోదు, భూమిలోపల కాండం దూరం దూరం పాకి మళ్లీ మొలుస్తుంది. ఈ మొండి గడ్డికీ, తణుకు, సామర్లకోట పరిసరాల్లో తరాలుగా పండించిన చెరకుకీ దగ్గర చుట్టరికం ఉంది. ఈరోజు మన దేశంలో సాగవుతున్న మేలురకం చెరకులన్నిటిలోనూ రెల్లు వంశం కలిసి ఉంది. ఆ చుట్టరికాన్ని కణం లోపలికి వెళ్లి, వంశ లక్షణాలను మోసే క్రోమోజోములు లెక్కపెట్టి పరిశీలించినవాళ్లలో ముందువరసలో నిలిచిన శాస్త్రవేత్త ఎడవలత్ కక్కత్ జానకీ అమ్మాళ్. ఆమె ఉద్యోగ జీవితం మొదలైంది మద్రాసులో, ఒక ఆడపిల్లల కాలేజీలో బోటనీ పాఠాలు చెబుతూ.

ఆమె గురించి వచ్చే రాతలు ఎక్కువగా పురస్కారాల పట్టికతోనూ, ఫలానా దాంట్లో తొలి మహిళ అనే గుర్తింపుతోనూ సరిపెట్టుకుంటాయి. ఆ గౌరవాలన్నీ ఆమెకు దక్కాల్సినవే. కానీ డెల్టాలో బోటనీ చదివే అమ్మాయికి వాటికంటే పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. తరగతిగదిలో పాఠం చెప్పే స్థానం నుంచి సొంతంగా కొత్త విషయం కనిపెట్టే స్థానానికి ఆమె ఎలా చేరారు? ఆ దారిలో ఏమేం అందుబాటులో ఉన్నాయి, ఎక్కడ ఆధారం లేకుండా పోయింది? తెలివితేటలు ఒక్కటే ఆమెను అక్కడికి చేర్చలేదు. కాలేజీ, హాస్టల్, స్కాలర్‌షిప్, ఉద్యోగం వరసగా దొరికాయి కాబట్టే చేరగలిగారు.

చెరకు కథలో గోదావరికి ఉన్న పాత్ర ముందు చెప్పుకోవాలి. 1901 ప్రాంతంలో డెల్టా చెరకు తోటలను ఎర్రకుళ్లు తెగులు దెబ్బతీసింది. తెగులు సోకిన గడను నిలువుగా చీలిస్తే లోపలి కండ ఎర్రబడి, మధ్యమధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, పులిసిన వాసన వస్తుంది. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బు. తెగులున్న తోట నుంచి తెచ్చిన ముచ్చెలు (విత్తనంగా వాడే గడ ముక్కలు) నాటితే కొత్త తోటకూ వస్తుంది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ దీన్ని పరిశీలించి నమోదు చేశారు. ఆ వెంటనే సామర్లకోటలో ప్రభుత్వం చెరకు క్షేత్రం తెరిచింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం, అంటే మొక్కలను కలిపి కొత్త రకాలు తీసే కేంద్రం వచ్చినప్పుడు దాన్ని నడిపింది కూడా ఈ బార్బరే. కోయంబత్తూరు కథలో సామర్లకోట ఒక ముందు అధ్యాయం అన్నమాట. డెల్టా పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఉండాల్సింది.

అప్పటి చెరకుతో చిక్కు ఏమిటంటే, లావుగా, రసంగా, తియ్యగా ఉండే రకాలు తెగుళ్లకూ చలికీ నీటి ఎద్దడికీ తట్టుకునేవి కావు. రెల్లులో తీపి లేదు, గడ సన్నం, నార ఎక్కువ. అయితే వరద వచ్చినా ఎండ కాసినా చావదు. ఈ రెంటినీ కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన జావాలో డచ్చివాళ్లకూ, కోయంబత్తూరులో బార్బర్‌కూ, ఆయన తరవాత వచ్చిన టి.ఎస్. వెంకటరామన్‌కూ వచ్చింది. కోయంబత్తూరులో వెల్లై అనే చెరకును స్థానిక రెల్లుతో కలిపి తీసిన సంకర రకం 1918లో సీవో 205 పేరుతో సాగులోకి వచ్చింది. డెల్టా రైతులకు చిరపరిచితమైన 'సీవో' అక్షరాలు కోయంబత్తూరు గుర్తే.

ఇందులో కణం స్థాయిలో ఒక వింత ఉంది. మామూలుగా తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం క్రోమోజోములు బిడ్డకు వస్తాయి. తియ్యటి చెరకులో 80 క్రోమోజోములు, కోయంబత్తూరు రెల్లులో 64. సగం సగం కలిస్తే 40, 32 కలిపి 72 ఉండాలి. సీవో 205లో ఉన్నవి 112. అంటే తల్లి చెరకు తన సగాన్ని కాకుండా మొత్తం 80నీ ఇచ్చేసింది, రెల్లు తన సగం 32 ఇచ్చింది. జావాలో బ్రెమర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి సంకరాల్లో ఈ వింతను ముందుగా గుర్తించారు. సంకరంలో తీపి పూర్తిగా పోకుండా నిలబడటానికి ఇదొక ముఖ్య కారణం. ఆ సంకరాన్ని మళ్లీ మళ్లీ తియ్యటి చెరకుతో కలిపితే తీపి పెరుగుతుంది, రెల్లు మొండితనం కొంత మిగులుతుంది. కార్శి తోట (నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే తోట) బాగా పిలకలు వేయడం వెనక కూడా రెల్లు వారసత్వం ఉంది. ఈ లెక్కలు తెలియకపోతే ప్రజననం గుడ్డిగా సాగే పని అవుతుంది. ఏ మొక్కను ఏ మొక్కతో కలపాలో ముందుగా అంచనా వేయడానికి కణశాస్త్రం తెలిసిన మనిషి కావాలి. కోయంబత్తూరుకు 1934లో దొరికిన ఆ మనిషి జానకీ అమ్మాళ్.

ఆమె 1897 నవంబర్ 4న ఇప్పటి కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. తండ్రి సబ్ జడ్జి. మొక్కలన్నా పుస్తకాలన్నా ఇష్టమున్న మనిషి, ఇంటి చుట్టూ తోట పెంచేవారు. ఇంటినిండా పిల్లలు, ఆడపిల్లలకు ఒకరి తరవాత ఒకరికి సంబంధాలు చూడటం అప్పటి ఆనవాయితీ. ఆమె పెళ్లి వద్దనుకుని చదువు ఎంచుకున్నారు. తలశ్శేరిలో కాన్వెంట్ చదువు, మద్రాసు క్వీన్ మేరీస్‌లో డిగ్రీ, ప్రెసిడెన్సీ కాలేజీలో 1921లో బోటనీ ఆనర్స్. తరవాత విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో అధ్యాపకురాలు.

ఈ సంస్థల తేదీలు గమనించాలి. క్వీన్ మేరీస్ మొదలైంది 1914లో, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో. జానకీ అమ్మాళ్ ఒక ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు. ఆడపిల్లల కాలేజీకి ఆడ అధ్యాపకులు కావాలి, అందువల్ల చదువుకున్న స్త్రీకి మర్యాదైన ఉద్యోగం దొరికింది. పువ్వులూ ఆకులూ కదా, ఆడపిల్లలకు బోటనీ తగిన సబ్జెక్టు అన్న అభిప్రాయం కూడా అప్పట్లో ఉండేది. ఆ అభిప్రాయం తప్పే అయినా, అమ్మాయిలు సైన్స్ గదిలోకి రావడానికి అది తలుపు తీసింది. అయితే అదే చోట దారి ముగిసిపోయే ప్రమాదమూ ఉంది. పాఠాలు చెప్పడం వరకే స్త్రీలు, ప్రయోగశాల మగవాళ్లది అన్న విభజన మాటల్లో పెట్టకపోయినా ఆచరణలో నడిచేది. జానకీ అమ్మాళ్ కూడా జీవితమంతా మంచి అధ్యాపకురాలిగా మిగిలిపోవచ్చు. మంచి అధ్యాపకురాలు కావడం చిన్న సంగతేమీ కాదు. కానీ ఆమెకున్న ప్రశ్నలకు జవాబు ఆ కాలేజీ ల్యాబులో లేదు.

తలుపు అవతలికి దాటించింది ఒక స్కాలర్‌షిప్. ఆసియా దేశాల మహిళల కోసం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో లెవీ బార్బర్ అనే దాత 1917లో నెలకొల్పినది. (సామర్లకోట బార్బర్‌కూ ఈయనకూ సంబంధం లేదు.) ఆ సాయంతో ఆమె మిషిగన్ వెళ్లి మాస్టర్స్ చేశారు, తిరిగి వచ్చి మద్రాసులో మళ్లీ పాఠాలు చెప్పారు, మరోసారి వెళ్లి 1931లో డి.ఎస్‌సి. (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా పొందారు. అక్కడ ఆమె ఉన్నది మార్తా కుక్ అనే మహిళా వసతి గృహంలో. ఫీజు, ప్రయాణ ఖర్చు, క్షేమంగా ఉండే చోటు, మైక్రోస్కోపు ముందు గంటల తరబడి కూర్చునే స్వేచ్ఛ అన్నీ ఒకేసారి సమకూరాయి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా డాక్టరేట్ ఆగిపోయేదే. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు ఫీజు గురించి చాలా మాట్లాడతాం, ఉండే చోటు గురించి తక్కువ.

తిరిగొచ్చాక త్రివేండ్రం మహారాజా సైన్స్ కాలేజీలో 1932 నుంచి 1934 వరకు బోటనీ ప్రొఫెసర్‌గా చేసి కోయంబత్తూరు చేరారు. రెల్లు ఒకే గడ్డి అనుకుంటాం కానీ, చోటును బట్టి దాని క్రోమోజోముల సంఖ్య 40 నుంచి 128 దాకా మారుతుంది. ఏ ప్రాంతపు రెల్లులో ఎన్ని ఉన్నాయో తెలిస్తే అది ఎక్కడ పుట్టి ఎటు వ్యాపించిందో ఊహించవచ్చు, ఏ రకాన్ని చెరకుతో కలపాలో నిర్ణయించవచ్చు. ఆమె ఈ దిశలో పనిచేశారు. అంతేకాదు, చెరకును గడ్డి కుటుంబంలోని దూరపు చుట్టాలతో కలిపితే ఏమవుతుందో కూడా చూశారు. చెరకు, మొక్కజొన్నల సంకరం గురించి 1938లో ప్రకటించారు. అలాంటి మొక్కలు రైతు చేలోకి రాకపోవచ్చు. ఏ మొక్క ఏ మొక్కకు ఎంత దగ్గరో చెప్పే సాక్ష్యం మాత్రం అవే. వంకాయ జాతి క్రోమోజోముల మీదా ఆమె పనిచేశారు.

పని బాగా సాగింది, పనిచేసే చోటు అనుకూలంగా లేదు. పెళ్లి చేసుకోని స్త్రీ, అగ్రకులం కాని, 'తియ్య' అనే కేరళ కులపు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, చుట్టూ మగ శాస్త్రవేత్తలు. అక్కడ ఆమె ఎదుర్కొన్న వివక్ష గురించి ఆమె జీవితం మీద పనిచేసినవాళ్లు రాశారు. ఇంతకు ముందు ఆమెను నిలబెట్టిన కాలేజీ, స్కాలర్‌షిప్, వసతి గృహం అన్నీ స్త్రీల కోసం ఏర్పడినవి. కోయంబత్తూరు అలాంటిది కాదు. అక్కడ ప్రతిభ ఉన్నా పక్కన నిలిచేవాళ్లు లేరు. స్త్రీలను చదివించడం ఒక పని, చదివినవాళ్లను పని చేయనివ్వడం మరో పని. రెండోదానిలో మన సమాజం చాలా వెనకబడింది, ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు.

1939లో ఎడిన్‌బరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్లిన ఆమె, ప్రపంచయుద్ధం మొదలవడంతో ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. 1940 నుంచి అక్కడి జాన్ ఇన్నెస్ మొక్కల పరిశోధన సంస్థలో కణశాస్త్రవేత్తగా పనిచేశారు. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి ఆమె తయారుచేసిన సాగు మొక్కల క్రోమోజోమ్ అట్లాస్ 1945లో వచ్చింది. మనిషి పెంచుకునే మొక్కల్లో దేనికి ఎన్ని క్రోమోజోములున్నాయో ఒకచోట చేర్చిన గ్రంథం అది. ప్రజననకారులు ఎవరైనా ముందు చూసుకోవాల్సిన పట్టిక.

యుద్ధం తరవాత ఇంగ్లండ్‌లోనే విస్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో ఆమె చేసిన పని కడియం నర్సరీలవాళ్లకు నేరుగా సంబంధించినది. కాల్చిసిన్ అనే పదార్థం ఉంది. మన అడవినాభి దుంపల్లోనూ అది ఉంటుంది, చాలా విషం. కణం రెండుగా చీలే సమయంలో క్రోమోజోములు ముందు రెట్టింపవుతాయి, తరవాత చెరోవైపుకు లాగబడతాయి. ఆ లాగే దారాలు ఏర్పడకుండా కాల్చిసిన్ అడ్డుపడుతుంది. రెట్టింపైన క్రోమోజోములు ఒకే కణంలో ఉండిపోతాయి. అలాంటి కణాలనుంచి పెరిగిన కొమ్మకు తరచు ఆకులు మందంగా, రేకలు పెద్దగా వస్తాయి. జానకీ అమ్మాళ్ మాగ్నోలియా లేత మొలకల చిగుళ్ల మీద ఈ ద్రావణం ప్రయోగించారు. ఆమె పెంచిన మాగ్నోలియాలు విస్లీలోని బాటిల్‌స్టన్ హిల్ మీద ఉన్నాయి, ఒక రకానికి ఆమె పేరే పెట్టారు. కడియపులంక నర్సరీల్లో అంట్లు కట్టడం, సంచుల్లో మట్టి నింపడం, నారు మార్చడం వంటి పనుల్లో ఆడవాళ్ల చెయ్యి ఎక్కువ. ఏ కొమ్మకు వేరు తొందరగా వస్తుందో చేత్తో పట్టుకుని చెప్పగలవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్ల అమ్మాయిలు డిగ్రీలో చదివే జన్యుశాస్త్రానికీ, ఇంట్లో తల్లులు చేసే పనికీ మధ్య వంతెన వేసినవాళ్లు తక్కువ. జానకీ అమ్మాళ్ పని సరిగ్గా ఆ రెండూ కలిసే చోట ఉంది.

నెహ్రూ ఆహ్వానం మీద 1951లో ఆమె దేశానికి వచ్చారు. 1890లో బ్రిటిష్‌వాళ్లు స్థాపించిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను మళ్లీ నిలబెట్టే బాధ్యత 1952లో ఆమెకు అప్పగించారు. అలహాబాద్‌లోని కేంద్ర వృక్షశాస్త్ర ప్రయోగశాలకు నేతృత్వం వహించారు. మన మొక్కల నమూనాలు ఎక్కువ భాగం విదేశీ హెర్బేరియాల్లో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట్లలో) ఉండిపోయాయని, మన దేశపు మొక్కలను మనవాళ్లే ఇక్కడే అధ్యయనం చేయాలని ఆమె పట్టుబట్టారు. ఈ మాట డెల్టాకు బాగా తగులుతుంది. 1780లలో సామర్లకోటలో ఉండి ఇక్కడి మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్, స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించారు. ఆయన మొత్తం గీయించినవి రెండున్నర వేలకు పైనే. ఆ బొమ్మల ప్రతులు కలకత్తాలోనూ లండన్‌లోని క్యూ వృక్షోద్యానంలోనూ ఉన్నాయి. గీసిన చేతుల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు.

1955లో ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమి ముఖాన్ని ఎలా మార్చాడన్న అంశం మీద జరిగిన అంతర్జాతీయ సదస్సులో మాట్లాడటానికి పిలుపు అందుకున్న ఏకైక మహిళ ఆమె. ఎక్కువ పండించాలన్న తొందరలో అడవులు నరకడం గురించి, బతకడానికి మాత్రమే పండించుకునే సమాజాల మొక్కల జ్ఞానం గురించి ఆమె ఆందోళన అప్పటికే స్పష్టంగా ఉంది. 80 ఏళ్ల వయసులో కేరళ సైలెంట్ వ్యాలీని ముంచే జలవిద్యుత్ ప్రాజెక్టును వ్యతిరేకించారు, ఆ అడవి చెట్ల క్రోమోజోముల సర్వే చేయడానికి సిద్ధపడ్డారు. 1983లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును వదులుకుంది. 1977లో పద్మశ్రీ పొందిన ఆమె 1984 ఫిబ్రవరి 7న మద్రాసు దగ్గర మదురవాయల్‌లో, పరిశోధన చేస్తున్న చోటే కన్నుమూశారు.

డెల్టాలో ఆడపిల్లల చదువుకు పునాది వేసినవాళ్లు తక్కువవాళ్లు కారు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలకు ప్రవేశం ఇచ్చారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి చిన్న వయసులోనే స్త్రీలకు హిందీ నేర్పే బడి నడిపారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు వసతి లేదన్న జవాబు వచ్చింది. ఆమె తనలాంటి అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ ఏర్పాటయ్యేలా చేసి మరీ చదివారు. మిషిగన్‌లో జానకీ అమ్మాళ్‌కు సిద్ధంగా ఉన్న వసతిని దుర్గాబాయి ఇక్కడ కష్టపడి కట్టుకోవలసి వచ్చింది. 1958లో కేంద్రం వేసిన జాతీయ స్త్రీవిద్యా కమిటీకి ఆమే అధ్యక్షురాలు.

ఇప్పుడు బడి, కాలేజీ, బస్సు పాస్ అన్నీ ఉన్నాయి. కొరవడింది ఆ తరవాతి మెట్టు. ఇంటర్‌లో బైపీసీ తీసుకునే అమ్మాయి మీద మెడికల్ ఎంట్రన్స్ టెన్షన్ తప్ప మరొకటి కనపడదు. సీటు రాకపోతే నర్సింగ్, ఫార్మసీ, అదీ కాకపోతే డిగ్రీలో బోటనీ. అలా చేరిన సబ్జెక్టును ఓడిపోయిన గుర్తుగా చూసే ఇంటివాళ్లు చాలామంది. ఇది అమ్మాయిల తప్పు కాదు. బోటనీ చదివితే బీఈడీ, టీచరు పోస్టు తప్ప మరో దారి ఉందని వాళ్లకు చూపించినవాళ్లు లేరు. వందేళ్ల కింద జానకీ అమ్మాళ్ దాటిన గోడ ఇదే, ఇంకా నిలబడే ఉంది.

దాన్ని దాటడానికి కావలసిన సామగ్రి డెల్టాలో బోలెడు ఉంది. కోరింగ మడ అడవులున్నాయి, కడియం నర్సరీలున్నాయి, లంకల నిండా రెల్లు ఉంది. డిగ్రీ ల్యాబులో కణ విభజన చూపించడానికి ఏటా ఉల్లి వేర్లే వాడతారు, 16 క్రోమోజోములు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి. అదే పద్ధతి రెల్లుకూ పనికొస్తుంది. లేత వేరు కొసలు కోసి, ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నిలవ ఉంచి, ఎసిటోకార్మైన్ రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి చూడాలి. క్రోమోజోములు చిన్నవి, ఎక్కువ, ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఒక మంచి పలక రావడానికి చాలా పలకలు పాడవుతాయి. ఓపిక కావాలి, పక్కన నిలబడి చెప్పే అధ్యాపకురాలు కావాలి, పరీక్ష మార్కులకు సంబంధం లేని కొంత సమయం కావాలి.

తెలుసుకోవలసిన ప్రశ్న కూడా సిద్ధంగానే ఉంది. ఉప్పునీరు ఎక్కే అంతర్వేది వైపు రెల్లు, మంచినీటి ఒండ్రులో పెరిగే కపిలేశ్వరపురం వైపు రెల్లు కణంలో ఒకటేనా? ఉప్పు తట్టుకునే రెల్లు ఉంటే చెరకు ప్రజననకారులకు అది విలువైనదే. కోయంబత్తూరు సంస్థ దేశంలో అనేక చోట్ల నుంచి రెల్లు రకాలు సేకరించి పెంచుతోంది, అయినా ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లకు ప్రతి లంకా తెలియదు. ఒడ్డు కోసుకుపోయి, ఇసుక తవ్వి, లంకల ఆకారమే ఏటేటా మారుతోంది. ఆ పని దగ్గర ఊళ్ల అమ్మాయిలు చేస్తే, ఏ గట్టున ఏ రెల్లు ఉందో, దానికి ఎన్ని క్రోమోజోములున్నాయో, ఏది ఏ వరదకు పోయిందో కూడా తేదీతో సహా రికార్డులోకి వస్తుంది.